చచ్చిన థ్రెడ్ ఒకటి, చంపిన థ్రెడ్ ఒకటి: మల్టీథ్రెడ్ క్రాష్‌కు ఏ టూల్ పట్టుకోవాలి?

శుక్రవారం సాయంత్రం కస్టమర్ దగ్గర నుంచి ఒక కోర్ ఫైల్, అంటే కూలిన క్షణాన ప్రోగ్రామ్ మెమరీకి తీసిన నకలు, వచ్చింది. తెరిచి చూస్తే కూలింది లాగింగ్ థ్రెడ్ (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి, లాగ్ రాసేది). ఆ క్షణాన అది చేస్తున్న పని ఒక చిన్న స్ట్రింగ్ కోసం మాలాక్‌ని (మెమరీ కేటాయించే ఫంక్షన్) మెమరీ అడగడం, అంతే. లాగింగ్ కోడ్ రాసినతన్ని పిలిచాం. పాపం రెండు రోజులు తవ్వాడు, ఏమీ దొరకలేదు. దొరకదు కూడా, తప్పు అక్కడ లేదు కాబట్టి.

అసలు కథ ఇది. ఆ సర్వర్‌లో 8 వర్కర్ థ్రెడ్లు ఒకే సెషన్ టేబుల్‌ని వాడుకుంటాయి. క్లీనప్ థ్రెడ్ ఒకటి 30 సెకండ్లకోసారి లేచి పాతబడిన సెషన్లను తీసేస్తుంది. టేబుల్‌కి లాక్ ఉంది, ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే ముట్టుకోనిచ్చేది. ఉంది కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు. వర్కర్ లాక్ తీసుకుని, సెషన్‌ని వెతికి, దాని పాయింటర్ (మెమరీలో అదున్న అడ్రస్) చేతిలో పెట్టుకుని, లాక్ వదిలేసి, ఆ తర్వాత తాపీగా ఆ పాయింటర్ ద్వారా చివరిసారి వాడిన టైమ్ రాస్తోంది. ఈ సందులో క్లీనప్ థ్రెడ్ ఆ సెషన్‌ని డిలీట్ చేసేసిందంటే, వర్కర్ రాసేది తనది కాని మెమరీలోకి. ఖాళీ అయిన ముక్క మొదటి బైట్లలో గ్లిబ్‌సీ (మాలాక్ ఉండే లినక్స్ సీ లైబ్రరీ) తన సొంత లెక్క రాసుకుంటుంది, తర్వాతి ఖాళీ ముక్క ఎక్కడుందో అని. సరిగ్గా దాని మీద మన టైమ్ వెళ్లి పడింది. ఇక ఆ ముక్క ఎవరి వంతుకొస్తే వాళ్లు పోతారు. ఆ రోజు వంతు లాగింగ్ థ్రెడ్‌ది. ఇలా ఏది ముందు, ఏది తర్వాత అన్న కట్టుబాటు లేకుండా థ్రెడ్లు ఒకే మెమరీని ముట్టుకోవడాన్నే రేస్ అంటారు.

ఒక్క థ్రెడ్ ఉన్న ప్రోగ్రామ్ కూలితే స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలుస్తూ అక్కడికి వచ్చిందో చెప్పే జాబితా) చూసి సగం పని అయిపోయిందనుకోవచ్చు. థ్రెడ్లు ఎక్కువైతే స్టాక్ ట్రేస్ శవం ఎక్కడ పడి ఉందో మాత్రమే చెబుతుంది. అందుకే టూల్‌ని ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది అది ఎంత స్పీడు, ఎంత పాపులర్ అని కాదు. చచ్చినదాన్ని చూపిస్తుందా, చంపినదాన్ని చూపిస్తుందా అని. కింద ఉన్నదంతా లినక్స్ మీద సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లను మనసులో పెట్టుకుని రాసింది. మిగతావాళ్లకు చివర్లో కొంచెం ఉంది.

## టూల్ జోలికి వెళ్లేముందు

ముందుగా, క్రాష్ ఇచ్చిన మెసేజ్ చదవండి. నవ్వులాటగా అనిపించవచ్చు కానీ చాలామంది చదవరు. "టర్మినేట్ కాల్డ్ వితౌట్ యాన్ యాక్టివ్ ఎక్సెప్షన్" అని వచ్చిందా? అది మెమరీ గొడవే కాదు. థ్రెడ్ ఆబ్జెక్ట్‌ని జాయిన్ గానీ డిటాచ్ గానీ చేయకుండా వదిలేశారు, అది డిస్ట్రాయ్ అయింది, స్టాండర్డ్ ప్రకారం ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఒక జాయిన్ రాస్తే అయిపోయే దానికి కింద వచ్చే శానిటైజర్లు, రీప్లేలు అక్కర్లేదు. అలాగే ఉబుంటు మీద బాగా నడిచినది ఆల్పైన్ కంటైనర్‌లోకి మార్చగానే కూలడం మొదలైతే థ్రెడ్ స్టాక్ సైజు చూడండి. గ్లిబ్‌సీలో థ్రెడ్‌కి మామూలుగా 8 ఎంబీ దొరుకుతుంది, ఆల్పైన్ వాడే సీ లైబ్రరీ మసల్‌లో డిఫాల్ట్ 128 కేబీ. ఫంక్షన్‌లో ఒక పెద్ద లోకల్ అరే ఉంటే చాలు, మునిగిపోతుంది.

అది కాదని తేలితే, ఈ ప్రశ్నలకు జవాబు రాసి పెట్టుకోండి.

క్రాష్ మీ చేతిలో మళ్లీ వస్తుందా? వస్తే ఎన్నిసార్లకు ఒకసారి? పదికి ఒకటి అయితే దాదాపు ఏ టూల్ అయినా పనికొస్తుంది. వారానికి ఒకసారి, అదీ కస్టమర్ 16 కోర్ల మెషిన్ మీదే వస్తుందంటే సగం టూల్స్ అక్కడే తప్పుకుంటాయి.

ప్రోగ్రామ్ మొత్తాన్ని తిరిగి బిల్డ్ చేయగలరా? మీ కోడ్‌తో పాటు అది వాడే లైబ్రరీలు కూడా. సోర్స్ లేని లైబ్రరీ ఒక్కటి మధ్యలో ఉన్నా లెక్క మారుతుంది.

నెమ్మదిని ఎంతవరకు ఓర్చుకోగలరు? ఇక్కడ ఓర్పు అంటే మీ ఓపిక ఒక్కటే కాదు. నెమ్మదిస్తే థ్రెడ్లు ఒకదాన్నొకటి దాటుకునే వరస మారిపోతుంది, క్రాష్ మాయమవుతుంది. చూద్దామని దగ్గరికి వెళ్లగానే మాయమయ్యే ఇలాంటి బగ్‌లకు హైజెన్‌బగ్ అన్న పేరు 1980లలోనే ఉంది.

ఇది కూలడమా, బిగుసుకుపోవడమా? ప్రోగ్రామ్ చావకుండా కదలకుండా నిలబడిపోతే అది డెడ్‌లాక్, ఒకదాని లాక్ కోసం ఇంకొకటి ఆగిపోవడం. డెడ్‌లాక్ నిజానికి సుఖం. తప్పు చేసిన థ్రెడ్లు చేసిన చోటే నిలబడి ఉంటాయి, పారిపోవు.

## ఒక చూపులో

| పద్ధతి | మళ్లీ బిల్డ్ చేయాలా | నెమ్మది | ఎవరిని చూపిస్తుంది | ఎక్కడ పనికిరాదు |
|---|---|---|---|---|
| కోర్ డంప్, జీడీబీ (డీబగ్గర్) | వద్దు (డీబగ్ సింబల్స్ ఉంటే మేలు) | లేదు | చచ్చినదాన్ని; డెడ్‌లాక్ అయితే అందరినీ | మెమరీ ముందే పాడై తర్వాత కూలినప్పుడు |
| అడ్రస్ శానిటైజర్ | చేయాలి | సుమారు 2 రెట్లు | ఇద్దరినీ, తప్పు నిజంగా జరిగిన పరుగులో | మెమరీ తప్పు లేని రేస్‌లకు |
| థ్రెడ్ శానిటైజర్ | అంతా చేయాలి | 5 నుంచి 15 రెట్లు, మెమరీ 5 నుంచి 10 రెట్లు | ఇద్దరినీ, క్రాష్ కాకపోయినా | సోర్స్ లేని లైబ్రరీలు, విండోస్ |
| వాల్‌గ్రిండ్ (హెల్‌గ్రిండ్, డీఆర్‌డీ) | వద్దు | పదుల రెట్లు | ఇద్దరినీ, చాలా రొదతో | అటామిక్స్ (లాక్ లేకుండా, మధ్యలో తెగకుండా జరిగే రాతలు, చదువులు) ఎక్కువ వాడే కోడ్ |
| ఆర్ఆర్ రికార్డ్, రీప్లే | వద్దు | కోర్లు ఎక్కువ వాడే ప్రోగ్రామ్‌కు ఎక్కువ | వెనక్కి నడిచి చంపినదాన్ని | చాలా క్లౌడ్ మెషిన్లు. నిజంగా ఒకేసారి నడిస్తేనే వచ్చే బగ్‌లు |
| థ్రెడ్‌కో రింగ్ బఫర్ లాగ్ | కోడ్ మార్చాలి | నామమాత్రం | మీరు ముందే ఊహించి రాసింది మాత్రమే | ముందుచూపు లేని చోట |

టేబుల్ చూసి నిర్ణయం తీసేసుకోకండి. చివరి రెండు కాలమ్‌ల వెనక చాలా ఉంది.

## కోర్ డంప్, జీడీబీ: ఎప్పుడూ మొదటి మెట్టు, అరుదుగా చివరి మెట్టు

కస్టమర్ మెషిన్‌లో ఒక్కసారే కూలింది, మళ్లీ రాదు అన్న పరిస్థితిలో మీకు వేరే దారి లేదు. అందుకే కూలకముందే కోర్ వచ్చేలా పెట్టుకోవాలి. యూలిమిట్‌లో (షెల్‌లో పరిమితులు పెట్టే కమాండ్) కోర్ సైజు సున్నా ఉంటే ఏమీ రాదు. సిస్టమ్‌డీ ఉన్న మెషిన్లలో కోర్‌డంప్‌సీటీఎల్ అడిగితే దాచిన కోర్ ఇస్తుంది. కంటైనర్లలో పనిచేసేవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే: కోర్ ఎక్కడికి పోవాలో చెప్పే కోర్ ప్యాటర్న్ సెట్టింగ్ హోస్ట్ మొత్తానికి ఒకటే. కంటైనర్ లోపల ఎంత తంటాలు పడినా హోస్ట్‌లో ఏముందో అదే నడుస్తుంది.

తెరిచాక అందరూ బీటీ (బ్యాక్‌ట్రేస్, అంటే ఆ థ్రెడ్ స్టాక్ ట్రేస్) కొడతారు. మల్టీథ్రెడ్ ప్రోగ్రామ్‌లో అది చాలదు. "థ్రెడ్ అప్లై ఆల్ బీటీ" కొట్టండి, వచ్చిందంతా ఒక ఫైల్‌లోకి తీసుకుని కాఫీ పెట్టుకుని చదవండి. కూలిన థ్రెడ్‌ని పక్కన పెట్టి, మిగతావాటిలో ఎవరు డిలీట్ చేస్తున్నారు, ఎవరు షట్‌డౌన్ ఫంక్షన్‌లో ఉన్నారు అని చూడండి. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు మాత్రమే వచ్చే క్రాష్‌లలో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. మెయిన్ థ్రెడ్ ఎగ్జిట్‌లో గ్లోబల్ ఆబ్జెక్టులను పడగొడుతుంటే ఇంకో థ్రెడ్ ఇంకా వాటిలోనే కూర్చుని ఉంటుంది.

డెడ్‌లాక్‌కి మాత్రం జీడీబీని మించింది లేదు. బిగుసుకున్న ప్రోగ్రామ్‌ని చంపకుండా జీకోర్‌తో కోర్ తీసుకోండి. లాక్ కోసం ఆగి ఉన్న థ్రెడ్ ఫ్రేమ్‌లోకి వెళ్లి ఆ మ్యూటెక్స్‌ని (అంటే లాక్‌ని) ప్రింట్ చేస్తే లోపల ఓనర్ అనే నంబర్ కనిపిస్తుంది. అది లాక్ పట్టుకున్న థ్రెడ్ నంబర్. ఇన్ఫో థ్రెడ్స్‌లో అదే నంబర్ వెతికి, ఆ థ్రెడ్ దేని కోసం ఆగిందో చూడండి. రెండు మూడు గెంతుల్లో బయల్దేరిన చోటికే వస్తారు. అరగంట పని.

మా సెషన్ కేసులో కోర్ ఏం చెప్పింది? లాగింగ్ థ్రెడ్ పేరు చెప్పింది, మాలాక్ లెక్కలు పాడయ్యాయని చెప్పింది. పాడైన అడ్రస్‌లో ఉన్న విలువ చూస్తే అది ఎక్కడో చూసిన టైమ్ అంకెలా ఉందని మా సీనియర్ ఒకాయన గుర్తుపట్టారు. అది ఆయన అనుభవం, టూల్ గొప్పతనం కాదు. ఇలాంటి అదృష్టం మీద ప్లాన్ వేసుకోకండి.

జీడీబీ కింద ప్రోగ్రామ్‌ని లైవ్‌గా నడిపేవాళ్లకు ఒక చిన్న మాట: జీడీబీ అడ్రస్ ర్యాండమైజేషన్‌ని (ప్రతి పరుగులో మెమరీ అడ్రస్‌లు మార్చడం) ఆపేసి నడుపుతుంది. బయట కూలి, జీడీబీలో కూలకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. డిసేబుల్ ర్యాండమైజేషన్‌ని ఆఫ్ చేసి మళ్లీ చూడండి.

## అడ్రస్ శానిటైజరా, థ్రెడ్ శానిటైజరా?

తిరిగి బిల్డ్ చేయగలిగినవాళ్లకు అసలు సందేహం వీటి మధ్యే. రెండూ మీ ప్రోగ్రామ్‌లో తనిఖీ కోడ్ చొప్పించే టూల్సే, రెండూ గూగుల్‌లో పుట్టినవే, రెండూ జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో ఉన్నాయి, రెండూ కంపైల్, లింక్ రెండు దశల్లోనూ ఒక ఫ్లాగ్ ఇస్తే చాలు. కానీ ఒకే బిల్డ్‌లో రెండూ కలవవు. ఒకదాన్ని ముందు ఎంచుకోవాల్సిందే.

తేడా ఇలా చూడండి. అడ్రస్ శానిటైజర్ తప్పు జరుగుతుండగా పట్టుకుంటుంది. ఖాళీ చేసిన మెమరీని వెంటనే ఎవరికీ ఇవ్వకుండా కొంతకాలం విడిగా ఉంచుతుంది, డిఫాల్ట్‌గా 256 ఎంబీ దాకా. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే అక్కడికక్కడే ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. మా సర్వర్‌ని ఇలా బిల్డ్ చేసి లోడ్ పెడితే 40 నిమిషాలకు రిపోర్ట్ వచ్చింది. మూడు స్టాక్‌లు: ఈ వర్కర్ ఈ లైన్‌లో రాసింది, క్లీనప్ థ్రెడ్ ఈ లైన్‌లో ఖాళీ చేసింది, మొదట ఈ మెమరీ తీసుకున్నది ఈ లైన్‌లో. రెండు రోజులు లాగింగ్ కోడ్ తవ్వినతను ఆ రిపోర్ట్ చూసి ఏమీ అనలేదు, టీకి వెళ్లిపోయాడు.

అయితే ఆ 40 నిమిషాల్లో వర్కర్, క్లీనప్ రెండూ సరిగ్గా ఆ సందులో తగులుకున్నాయి కాబట్టే దొరికింది. తగులుకోకపోతే రిపోర్ట్ లేదు.

థ్రెడ్ శానిటైజర్ అలా కాదు. తప్పు జరిగిందా అని కాక, జరగకుండా ఆపేది ఏదైనా ఉందా అని చూస్తుంది. రెండు థ్రెడ్లు ఒకే మెమరీని ముట్టుకున్నాయి, కనీసం ఒకటి రాసింది, వాటి మధ్య ఇది ముందు అది తర్వాత అని నిర్ణయించే లాక్ గానీ అటామిక్ గానీ జాయిన్ గానీ లేదు. అంతే, రిపోర్ట్ ఇస్తుంది. వర్కర్ లాక్ వదిలాక రాసింది, క్లీనప్ లాక్ తీసుకుని డిలీట్ చేసింది. ఆ పరుగులో వర్కర్ రాత ముందే పూర్తయి, ఏ నష్టం జరగకపోయినా సరే, ఆ రాతకూ ఈ డిలీట్‌కూ మధ్య కట్టుబాటు లేదని కనిపెడుతుంది. అదే కోడ్‌ని దీనితో బిల్డ్ చేసి నడిపితే 3 నిమిషాలకే చెప్పింది. లోడ్ కూడా పెద్దగా పెట్టలేదు.

మరి ఎప్పుడూ థ్రెడ్ శానిటైజరే ముందు అనకూడదా? అనకూడదు. పాత కోడ్‌బేస్ మీద మొదటిసారి నడిపితే వందల రిపోర్టులు వస్తాయి. స్టాప్ ఫ్లాగ్‌ని మామూలు బూలియన్‌గా రాసినవి, కౌంటర్‌ని లాక్ లేకుండా పెంచినవి. అన్నీ తప్పులే, స్టాండర్డ్ ప్రకారం ఏదీ క్షమించదగ్గది కాదు. కానీ మీ క్రాష్‌కి కారణం వాటిలో ఏది? గడ్డివాములో సూది. సాయంత్రంలోపు కస్టమర్‌కి జవాబు చెప్పాల్సినవాళ్లు ముందు అడ్రస్ శానిటైజర్ పెట్టండి. అది ఇచ్చేది ఒక్క రిపోర్టే, కానీ అది మీ క్రాష్‌దే. వారం టైమ్ ఉన్నవాళ్లు, లేదా కోడ్ ముందునుంచీ శుభ్రంగా ఉన్నవాళ్లు థ్రెడ్ శానిటైజర్‌తో మొదలుపెట్టండి.

ఇంకో అడ్డంకి. థ్రెడ్ శానిటైజర్‌కు అన్నీ తన పద్ధతిలో బిల్డ్ అయి ఉండాలి. సోర్స్ లేని లైబ్రరీ లోపల తీసుకున్న లాక్‌లు దానికి సరిగా కనబడవు, లేని రేస్‌లను ఉన్నాయంటుంది. 64 బిట్ మాత్రమే. కొత్త ఉబుంటు కెర్నళ్ల మీద కొందరికి నడపగానే "అనెక్స్‌పెక్టెడ్ మెమరీ మ్యాపింగ్" అని ఆగిపోతుంది. మీ కోడ్ తప్పు కాదు, కంగారుపడకండి. కెర్నల్ అడ్రస్‌లను మరీ విస్తారంగా చల్లుతోంది. ఎంమ్యాప్ ర్యాండమ్ బిట్స్ సెట్టింగ్‌ని 28కి తగ్గిస్తే నడుస్తుంది.

## వాల్‌గ్రిండ్

తిరిగి బిల్డ్ చేయలేని బైనరీ చేతిలో ఉన్నప్పుడు మాత్రమే. ఇది కాస్త కటువుగా ఉందని తెలుసు. 2002 నుంచి ఎంతోమందికి అన్నం పెట్టిన టూల్ ఇది. కానీ వాల్‌గ్రిండ్ థ్రెడ్లను ఒక్కొక్కటిగానే నడుపుతుంది, రెండు ఎప్పుడూ ఒకేసారి కదలవు. దానికి తోడు పదుల రెట్ల నెమ్మది. మీ క్రాష్ టైమ్‌అవుట్‌ల మీద ఆధారపడినదైతే అసలు ఆ చోటికే చేరదు. దానిలోని రేస్ పట్టే టూల్ హెల్‌గ్రిండ్‌కి పీథ్రెడ్ (లినక్స్ థ్రెడ్ లైబ్రరీ) లాక్‌లు బాగా అర్థమవుతాయి, అటామిక్స్‌తో కట్టుకున్న కట్టుబాట్లు అర్థం కావు, వాటన్నిటినీ రేస్ అంటుంది. ఒక మంచి మాట: లాక్‌లను ఒకచోట ఒక వరసలో, ఇంకోచోట తిరగేసి తీసుకుంటే డెడ్‌లాక్ ఇంకా జరగకముందే హెచ్చరిస్తుంది. థ్రెడ్ శానిటైజర్ కూడా అదే చేస్తుంది, ఇంతకంటే వేగంగా.

## ఆర్ఆర్: క్రాష్‌ని సీసాలో బిగించడం

మొజిల్లాలో పుట్టిన ఈ టూల్ మీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నా. ప్రోగ్రామ్ నడకను రికార్డ్ చేస్తుంది. ఆ రికార్డింగ్‌ని ఎన్నిసార్లు నడిపినా అదే వరస, అవే అడ్రస్‌లు, అదే క్రాష్. వారానికి ఒకసారి వచ్చేది ఒక్కసారి రికార్డింగ్‌లో పడితే చాలు, ఇక అది మీది.

వాడే తీరు చూడండి. రీప్లేలో మాలాక్ లోపల కూలిన చోటికి వెళ్తాం. పాడైన అడ్రస్ తెలుసు. ఆ అడ్రస్ మీద వాచ్‌పాయింట్ (అక్కడ ఎవరైనా రాస్తే ఆపే కాపలా) పెట్టి రివర్స్ కంటిన్యూ కొడతాం. ప్రోగ్రామ్ వెనక్కి నడుస్తుంది, ఆ అడ్రస్‌లో చివరిసారి ఎవరు రాశారో అక్కడ ఆగుతుంది. సెషన్ టైమ్ రాసే లైన్, వర్కర్ థ్రెడ్, లోకల్ వేరియబుల్స్ అన్నీ కళ్లముందు. మళ్లీ రివర్స్ కంటిన్యూ కొడితే దానికంటే ముందు అదే చోట రాసింది ఎవరో చూపిస్తుంది: క్లీనప్ థ్రెడ్, ఫ్రీ ఫంక్షన్ లోపల. ఊహించాల్సిన పని లేదు.

ఖరీదు లేకపోలేదు. ఇది కూడా థ్రెడ్లన్నిటినీ ఒకే కోర్ మీద వంతులవారీగా నడుపుతుంది. 8 కోర్లు నిండా వాడే ప్రోగ్రామ్ దాదాపు 8 రెట్లు నెమ్మదిస్తుంది. రెండు కోర్లు నిజంగా ఒకే క్షణంలో రాస్తేనే, మెమరీ ఆర్డర్ అటూఇటూ అయితేనే వచ్చే బగ్‌లు దీనికి చిక్కవు. వంతులు మరీ మర్యాదగా మారుతుంటే క్రాష్ రాకపోవచ్చు. దానికి కేయాస్ మోడ్ ఉంది, కావాలనే థ్రెడ్లను అడ్డదిడ్డంగా ఆపి లేపుతుంది. ప్రాసెసర్‌లోని పెర్ఫార్మెన్స్ కౌంటర్లు కావాలి కాబట్టి చాలా క్లౌడ్ వర్చువల్ మెషిన్లలో నడవదు. లినక్స్‌కే పరిమితం. మీ డెస్క్ మీద మంచి ఇంటెల్ మెషిన్ ఒకటి ఉంటే రాత్రంతా లూప్‌లో పెట్టి, కూలిన పరుగు ఒక్కటి ఉంచుకుని మిగతావి చెరిపేయండి.

## ప్రింట్ పెట్టి చూద్దాం అనేవాళ్లకు

ప్రింట్‌ఎఫ్ పెట్టగానే క్రాష్ పోయిందని ఆనందపడి, ఆ ప్రింట్‌ని అలాగే వదిలేసి రిలీజ్ చేసినవాళ్లను చూశాను. ప్రింట్‌ఎఫ్ లోపల స్ట్రీమ్‌కి లాక్ ఉంటుంది. థ్రెడ్లన్నీ ఆ లాక్ దగ్గర క్యూ కడతాయి. మీరు తెలియకుండా ఒక లాక్ పెట్టారు, అంతే. లాగ్ లెవెల్ తగ్గించిన రోజు క్రాష్ తిరిగొస్తుంది.

లాగ్ కావాలంటే థ్రెడ్‌కి ఒక సొంత అరే ఇవ్వండి. 1,024 గదులు, నిండితే మొదటి నుంచి. టేబుల్‌లోని రింగ్ బఫర్ ఇదే. ఒక్కో గదిలో టైమ్, చేసిన పని నంబర్, పాయింటర్. లాక్ లేదు, డిస్క్ లేదు. కూలినప్పుడు కోర్‌లో ఆ అరేలన్నీ ఉంటాయి, జీడీబీలో తీసి టైమ్ వరసలో పేర్చుకోవచ్చు. కస్టమర్ మెషిన్ మీద శానిటైజర్ పెట్టనివ్వని చోట నాకు తెలిసి ఇంతకంటే మేలైనది లేదు. కాకపోతే క్రాష్ వచ్చాక పెట్టేది కాదు, ముందే ఉండాలి.

దీనికి తోడు ఒక మొరటు ఉపాయం: అనుమానం ఉన్న సందులో కావాలని స్లీప్ పెట్టడం. వర్కర్ లాక్ వదిలాక, టైమ్ రాసేముందు 50 మిల్లీసెకండ్లు ఆపండి. వారానికోసారి వచ్చేది నిమిషానికోసారి వస్తుంది. 2003 ఆగస్టు 14న ఈశాన్య అమెరికా, కెనడాలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయిన సంగతి గుర్తుందా? ఆ రోజు ఒహాయోలోని కంట్రోల్ రూమ్‌లో అలారమ్ సాఫ్ట్‌వేర్ మూగబోవడానికి కారణం ఒక రేస్ కండిషనే. 30 లక్షల గంటలకు పైగా నడిచిన సాఫ్ట్‌వేర్‌లో అంతకుముందెప్పుడూ బయటపడని బగ్. దాన్ని పట్టుకోవడానికి ఇంజనీర్లు చేసిందీ ఇదే, కోడ్ మధ్యలో కావాలని ఆలస్యాలు చొప్పించడం.

## మీరు ఏ బాపతు?

చేతిలో కోర్ ఫైల్ తప్ప ఏమీ లేని సపోర్ట్ ఇంజనీర్ అయితే, జీడీబీలో అన్ని థ్రెడ్ల స్టాక్‌లు తీసి, సొంతంగా తీర్పు చెప్పకుండా డెవలపర్‌కి పంపండి. కస్టమర్ మెషిన్‌లోని లైబ్రరీ ఫైళ్లు కూడా తెప్పించుకోండి. వేరే గ్లిబ్‌సీతో తెరిచిన కోర్ అబద్ధాలు చెబుతుంది.

సొంత కోడ్, సొంత ల్యాప్‌టాప్ ఉన్న డెవలపర్‌కు నా వరస: అడ్రస్ శానిటైజర్ ఒక పూట, అది మౌనంగా ఉంటే థ్రెడ్ శానిటైజర్, అదీ తేల్చకపోతే ఆర్ఆర్ రాత్రంతా. జీడీబీ అన్నిటి వెనకా ఉంటుంది.

టీమ్ లీడ్ అయితే క్రాష్ వచ్చేదాకా ఆగకండి. టెస్టులను రాత్రిపూట రెండు శానిటైజర్లకూ వేర్వేరు బిల్డులతో నడిపించండి. పాత రిపోర్టులకు సప్రెషన్ ఫైల్ (వీటిని చూపించొద్దని చెప్పే జాబితా) పెట్టి, కొత్తది ఒక్కటి వచ్చినా బిల్డ్ ఎర్రబడేలా చేయండి. పాతవాటిని వారానికి రెండు చొప్పున తీసేసుకుంటూ పోవచ్చు.

బీటెక్ ఓఎస్ ల్యాబ్‌లో పీథ్రెడ్స్ రాస్తున్నవాళ్లు నేరుగా థ్రెడ్ శానిటైజర్‌తో మొదలుపెట్టండి. మీ ప్రోగ్రామ్ చిన్నది, నెమ్మది తెలియదు. లూప్‌లో ఐ అనే వేరియబుల్ అడ్రస్‌ని ప్రతి థ్రెడ్‌కీ పంపి, అందరికీ ఒకే నంబర్ ఎందుకు వస్తోందని తల పట్టుకునే తప్పును మొదటి పరుగులోనే చూపిస్తుంది.

విండోస్ మీద ఉన్నవాళ్లకు విజువల్ స్టూడియోలో అడ్రస్ శానిటైజర్ ఉంది, థ్రెడ్ శానిటైజర్ లేదు. ఆర్ఆర్ బదులు విన్‌డీబీజీలోని టైమ్ ట్రావెల్ డీబగ్గింగ్ వాడండి. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ స్కీమ్‌లో రెండు శానిటైజర్లకూ టిక్ బాక్సులున్నాయి. గో రాసేవాళ్లకు ఎంచుకునే బాధే లేదు, రేస్ ఫ్లాగ్ ఒక్కటే. టెస్టుల్లో ఎప్పుడూ పెట్టండి. జావాలో ప్రాసెస్ మొత్తం ఇలా కూలడం అరుదు. కూలితే ముందు జేఎన్ఐ (జావా నుంచి సీ కోడ్‌ని పిలిచే దారి) ద్వారా తగిలించిన నేటివ్ లైబ్రరీని అనుమానించండి, ఆ లైబ్రరీకి పైన చెప్పిందంతా వర్తిస్తుంది.

## సరిచేశాక ఎన్నిసార్లు నడపాలి?

ఇది ఎవరూ అడగరు. ఫిక్స్ పెట్టి, పదిసార్లు నడిపి, కూలలేదని మూసేస్తారు. వందకి ఒకసారి కూలే ప్రోగ్రామ్‌ని ఫిక్స్ ఏమీ లేకుండా పదిసార్లు నడిపినా 90 శాతం అవకాశంతో కూలదు. మోటు లెక్క ఒకటి ఉంది: ఎన్నిసార్లకు ఒకసారి వచ్చేదో దానికి మూడింతలు నడపండి. వందకి ఒకటి అయితే 300 సార్లు. ఫిక్స్ పనిచేయకపోయి ఉంటే అన్నిసార్లు కూలకుండా ఉండే అవకాశం 5 శాతం లోపే. స్లీప్‌ని ఆ సందులో అలాగే ఉంచి నడిపితే ఇంకా తొందరగా తేలుతుంది.

మా ఫిక్స్ రెండు లైన్లు. సెషన్‌ని షేర్డ్ పాయింటర్‌గా (వాడేవాళ్లలో చివరివాళ్లు వదిలేదాకా మెమరీని ఉంచేది) మార్చి, లాక్ చేతిలో ఉండగానే దాని కాపీ తీసుకోవడం, టైమ్‌ని అటామిక్ చేయడం. 50 మిల్లీసెకండ్ల స్లీప్‌ని లోపలే ఉంచి శుక్రవారం రాత్రి లూప్ పెట్టి ఇళ్లకు వెళ్లాం. సోమవారం పొద్దున వచ్చేసరికి ఇంకా నడుస్తూనే ఉంది. స్లీప్ తీసేసి రిలీజ్ బ్రాంచ్‌లోకి పంపాం.